తప్పకుండా తప్పు పెట్టడం ఎలా?

డేటా సఫిషియెన్సీ లెక్కలు సరిగ్గా చేయడం నేర్పే మెటీరియల్ అమీర్‌పేట జిరాక్సు షాపుల్లో కట్టలు కట్టలుగా దొరుకుతుంది. తప్పుగా చేయడం నేర్పేవాళ్ళే లేరు. దాంతో అభ్యర్థులు ఎవరికి తోచినట్టు వాళ్ళు తప్పులు చేస్తూ, మధ్యమధ్యలో పొరపాటున రైటు కూడా పెట్టేస్తున్నారు. ఆ ప్రమాదం లేకుండా, ప్రతి లెక్కా తప్పకుండా తప్పు పెట్టేందుకు పద్ధతి ప్రకారం రాసిన చిట్కాలు ఇవి.

వీటి అవసరం చిన్నదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐసెట్‌లలో 200 ప్రశ్నలుంటే అందులో 20 డేటా సఫిషియెన్సీవే. జీమ్యాట్‌లో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. 2023 నవంబరులో ఆ పరీక్ష కొత్త రూపంలోకి మారినప్పుడు క్వాంట్ విభాగం నుంచి లేచి డేటా ఇన్‌సైట్స్ విభాగంలోకి వచ్చి కూర్చున్నాయి. అంటే ఇల్లు మారాయే గాని మనల్ని వదల్లేదు.

వరస తెలిసిందే. పైన ఒక ప్రశ్న, కింద రెండు స్టేట్‌మెంట్లు. జవాబు చెప్పనక్కర్లేదు, చెప్పడానికి ఆ సమాచారం చాలుతుందో లేదో తేలిస్తే చాలు. జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు ఎప్పుడూ ఇదే క్రమంలో ఉంటాయి. ఎ: మొదటిది ఒక్కటే చాలు, రెండోది చాలదు. బి: రెండోది ఒక్కటే చాలు, మొదటిది చాలదు. సి: విడిగా ఏదీ చాలదు, రెండూ కలిస్తే చాలు. డి: దేనికదే చాలు. ఇ: రెండూ కలిపినా చాలదు.

ఇందులోనూ అసమానతల లెక్కలు మన పనికి మరీ అనుకూలం. సమీకరణమైతే ఒక విలువకో రెండు విలువలకో దిగివస్తుంది. ఎక్స్ > 3 అన్నామంటే మాత్రం 3కి అవతల లెక్కలేనన్ని సంఖ్యలు. తప్పు చేయడానికి ఇంత విశాలమైన చోటు ఆల్జీబ్రాలో మరొకటి దొరకదు. ఇక మొదలుపెడదాం.

1. జవాబు తేలేదాకా వదలొద్దు

చాలుతుందా అని అడిగితే చాలుతుందని చెప్పి ఊరుకోవడం సోమరుల పని. మీరు మొత్తం చేయండి. ఉదాహరణకు:

ఎక్స్ > 10 అవునా?
(1) 7ఎక్స్ − 19 = 114

ఈ సమీకరణానికి విలువ ఒక్కటే ఉంటుంది, అది 10 కంటే పెద్దదో కాదో ఎలాగూ తేలుతుంది, కాబట్టి చాలు అని కొందరు పెన్ను కూడా కదపకుండా ముందుకు వెళ్ళిపోతారు. మీరు 19 కూడండి, 7తో భాగించండి, 19 వచ్చాక మళ్ళీ సమీకరణంలో ప్రతిక్షేపించి సరిచూడండి, కింద రెండు గీతలు గీయండి. డేటా ఇన్‌సైట్స్‌లో తెర మీద క్యాలిక్యులేటర్ కూడా ఇస్తారు. ఇచ్చినదాన్ని వాడకపోతే బాగుండదు. 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి సగటున రెండుంపావు నిమిషాలు. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. ఈ చిట్కా ఒక్కటి శ్రద్ధగా పాటించినా చివరి ప్రశ్నల ముఖం చూడాల్సిన పని ఉండదు.

2. ‘కాదు’ అని తేలితే ‘చాలదు’ అని పెట్టండి

ఎక్స్ రుణ సంఖ్యేనా?
(1) ఎక్స్² < ఎక్స్

ముందు 2 వేసి చూడండి. 4 < 2 ఎక్కడైనా ఉందా? 3 వేయండి. 9 < 3. ఇంకా అన్యాయం. కాబట్టి స్టేట్‌మెంటే అబద్ధం, అచ్చుతప్పు అయి ఉంటుందని తీర్మానించి దాన్ని పక్కన పెట్టేయండి.

దీనికి గిట్టనివాళ్ళు ఒక అడ్డు చెబుతారు. పరీక్షలో ఇచ్చిన స్టేట్‌మెంటు ఎప్పుడూ నిజమే, దానికి సరిపడే సంఖ్యల్ని మనం వెతుక్కోవాలి గాని మన సంఖ్యలకు సరిపడలేదని దాన్ని కొట్టిపారేయకూడదు అంటారు. వర్గం చేస్తే చిన్నవయ్యే సంఖ్యలు 0కీ 1కీ మధ్య ఉన్న భిన్నాలే. అవన్నీ ధన సంఖ్యలు. కనుక ‘ఎక్స్ రుణ సంఖ్యేనా’ అంటే ‘కాదు’ అని ఖాయంగా చెప్పొచ్చు, ఖాయంగా చెప్పగలిగితే సమాచారం చాలినట్టే అన్నది వాళ్ళ వాదన. మీరు మాత్రం ‘కాదు’ కనబడగానే నిరుత్సాహపడి ‘చాలదు’ వైపు జారిపోండి. సగం మంది అలాగే చేస్తారు, మీకు తోడు ఉంటుంది.

3. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా కెలకనక్కర్లేదని మన పెద్దలు చెప్పారు. అసమానతలకూ అదే సూత్రం పెట్టుకోండి. ఒక సంఖ్య వేసి చూడండి, ఆ సంఖ్య 2 అయితే మరీ మంచిది.

ఎక్స్³ > ఎక్స్² అవునా?
(1) ఎక్స్ > 0
(2) ఎక్స్² > ఎక్స్

2 వేయండి. మొదటి స్టేట్‌మెంటుకు సరిపోయింది, 8 > 4, అవును. రెండోదానికీ సరిపోయింది, మళ్ళీ అవును. దేనికదే చాలు, డి పెట్టేసి ముందుకు కదలండి.

మొదటిదాంట్లో ½ వేస్తే ఎనిమిదో వంతు నాలుగో వంతు కంటే చిన్నదైపోతుంది, ‘కాదు’ వస్తుంది. రెండోదాంట్లో −2 వేస్తే 4 > −2 అని షరతు నెరవేరుతుంది గాని −8 పోయి 4ని దాటదు, మళ్ళీ ‘కాదు’. రెండు షరతులూ కలిపితే 1 కంటే పెద్ద సంఖ్యలే మిగులుతాయి, అప్పుడు మాత్రం ఎప్పుడూ ‘అవును’. అసలు జవాబు సి. కానీ ఇదంతా రెండో మెతుకు పట్టి చూసినవాళ్ళ గొడవ. −2, −1, −½, 0, ½, 1, 2 అనే ఏడు సంఖ్యల్నీ చిత్తు కాగితం మూల రాసుకుని, ఒక్కో స్టేట్‌మెంటులో వాటిని వేసి చూసే దురలవాటు ఉన్నవాళ్ళకు దూరంగా ఉండండి.

పూర్ణాంకాల విషయంలోనూ ఇదే ధైర్యం చూపించండి. ‘ఎక్స్ విలువ ఎంత? (1) 3 < ఎక్స్ < 5, (2) ఎక్స్ పూర్ణాంకం’ అని ఇచ్చారనుకోండి. 3కీ 5కీ మధ్య ఉన్నది 4 కాక ఇంకేమిటి? మొదటిదే చాలు. 3.7, 4.25 లాంటివి కూడా ఆ మధ్యే ఉంటాయని, పూర్ణాంకం అని రెండో స్టేట్‌మెంటు పనిగట్టుకుని చెప్పింది అందుకేనని ఎవరైనా అంటే, చిల్లర లెక్కలు మనకొద్దని చెప్పండి.

4. సున్నాను సంఖ్యగా లెక్కపెట్టొద్దు

ఏమీ లేనిదానికి ఎవరు మాత్రం భయపడతారు? ఈ జంట చూడండి.

వై < 0 అవునా?
(1) ఎక్స్²వై < 0

వర్గం రుణ సంఖ్య కాలేదు. కాబట్టి లబ్ధం రుణమైందంటే ఆ పాపం వైదే. స్టేట్‌మెంటు చాలు. ఇది నిజంగానే రైటు, పొరపాటున కూడా ఇక్కడితో ఆగకండి. అదే లెక్కలో < బదులు ≤ పెట్టి ఇచ్చినా ఇదే మాట చెప్పండి. గుర్తు కింద చిన్న గీతే కదా, కళ్ళజోడు మరక అనుకోండి. ఆ గీత సందులోంచి ఎక్స్ = 0, వై = 5 దూరిపోతాయి. అప్పుడు వై ధన సంఖ్యయినా షరతు నెరవేరుతుంది, స్టేట్‌మెంటు చాలకుండా పోతుంది.

సున్నాతో ఎలా మెలగాలో, రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం ఎలా అవుతుందో బ్రహ్మగుప్తుడు 628లోనే బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో నియమాలు రాసిపెట్టాడు. పద్నాలుగు శతాబ్దాల కిందటి పుస్తకం, సిలబస్‌లో లేదు. వదిలేయండి.

5. గుర్తును తిప్పొద్దు

<, > అనే గుర్తులు థామస్ హారియట్ చనిపోయాక 1631లో అచ్చయిన ఆయన పుస్తకంలో వెలుగు చూశాయి. అంత పాత గుర్తును అటుదిటు తిప్పడానికి మనమెవరం? ఏ చరరాశితోనైనా ఇరువైపులా గుణించండి, భాగించండి, గుర్తును మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.

ఎక్స్ > వై అవునా?
(1) ఎక్స్/వై > 1
(2) వై > 0

మొదటిదాన్ని ఇరువైపులా వైతో గుణిస్తే ఎక్స్ > వై అని అడిగిందే వచ్చేసింది. ఎ పెట్టండి. వై రుణ సంఖ్య అయి ఉండొచ్చనే ఊహ మీకెందుకు? ప్రశ్నే చెప్పలేదు, కందకు లేని దురద కత్తిపీటకు దేనికి? ఎక్స్ = −4, వై = −2 అయితే భాగఫలం 2 వస్తుంది, 1ని దాటుతుంది, కానీ −4 మాత్రం −2 కంటే చిన్నదిగానే ఉండిపోతుంది. చరరాశి ధనమో రుణమో తెలియనప్పుడు దానితో గుణించరాదని, తెలిసి రుణమైతే గుణించి గుర్తు తిప్పాలని రూలు. రెండో స్టేట్‌మెంటు వచ్చి వై ధనమే అని హామీ ఇచ్చాకే ఆ గుణకారం చెల్లుతుంది. జవాబు సి.

6. మొదటిదాని బరువు రెండోదాని మీద వేయండి

ఇదే లెక్కను ఒకసారి తలకిందులు చేసి ఇస్తారు. (1) వై > 0, (2) ఎక్స్/వై > 1. పైన ఎ పెట్టి తప్పిన మీరు ఇక్కడ కొత్త దారిలో తప్పొచ్చు. మొదటిది చదివేసరికి వై ధనమని బుర్రలో పడిపోతుంది. దాన్ని తుడవకుండానే రెండోది చదవండి. వైతో గుణించండి, ఎక్స్ > వై అని రాగానే ‘రెండోది ఒక్కటే చాలు’ అని బి పెట్టండి.

రెండో స్టేట్‌మెంటును చూసేటప్పుడు మొదటిదాన్ని అరచేత్తో మూసేసి, అసలు చదవనట్టే నటించేవాళ్ళు కొందరుంటారు. మొదట విడివిడిగా చూసి, రెండూ చాలకపోతేనే కలిపి చూస్తారు. అంత క్రమశిక్షణ ఉన్నవాళ్ళను తప్పు దారి పట్టించడం ఎవరి తరమూ కాదు.

7. వర్గాల్ని కొట్టేయండి, ఘనాల్ని అనుమానించండి

ఎక్స్ > వై అవునా?
(1) ఎక్స్² > వై²
(2) ఎక్స్ + వై > 0

రెండు వైపులా ఉన్న 2లు కొట్టేస్తే ఎక్స్ > వై. ఎ. మూడు సెకన్ల పని. ఎక్స్ = −3, వై = 2 వేస్తే 9 > 4 అవుతుంది గాని −3 పెద్దది కాదన్న సంగతి మీ దాకా రానివ్వకండి. వర్గానికి గుర్తు తెలియదు, పరిమాణమే తెలుస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు వర్గాల భేదాన్ని (ఎక్స్ − వై)(ఎక్స్ + వై) > 0 అని విడగొడతారు. రెండో స్టేట్‌మెంటు కూడిక ధనమని చెప్పగానే తీసివేత కూడా ధనం కాక తప్పదు. విడిగా ఏదీ చాలదు, కలిస్తే చాలు, సి.

తర్వాతి లెక్కలో ఎక్స్³ > వై³ అని ఇచ్చినప్పుడు మాత్రం హఠాత్తుగా జాగ్రత్తపరులైపోండి. వర్గాలు మోసం చేశాయి కాబట్టి ఘనాలు కూడా చేస్తాయని, చాలదని పెట్టండి. బేసి ఘాతం గుర్తును చెడగొట్టదు, ఘనం పెద్దదైతే సంఖ్యా పెద్దదే, ఆ ఒక్క స్టేట్‌మెంటే చాలు. ధైర్యం చూపాల్సిన చోట భయం, భయపడాల్సిన చోట ధైర్యం అన్నదే ఈ చిట్కా సారం.

8. నిలువు గీతలు తుడిచేయండి

ఎక్స్ > 0 అవునా?
(1) |ఎక్స్ − 4| < 4
(2) |ఎక్స్ + 1| > 2

రెండు పక్కలా ఆ నిలువు గీతలు ఎందుకున్నాయో ఎవరికీ పట్టదు. తీసేయండి. మొదటిది ఎక్స్ < 8 అవుతుంది. ఎక్స్ 5 కావచ్చు, −5 కూడా కావచ్చు, కాబట్టి చాలదు. రెండోది ఎక్స్ > 1 అవుతుంది, కాబట్టి చాలు. జవాబు బి.

ఈ చిట్కా గొప్పదనం చూడండి. అసలు జవాబు దీనికి సరిగ్గా వ్యతిరేకం. పరమమూల్యం అంటే సంఖ్యారేఖ మీద దూరం. |ఎక్స్ − 4| < 4 అంటే ఎక్స్ 4 నుంచి 4 కంటే తక్కువ దూరంలో, అంటే 0కీ 8కీ మధ్య ఉంది. ఎప్పుడూ ధనమే, చాలు. |ఎక్స్ + 1| > 2 అంటే −1 నుంచి 2 కంటే ఎక్కువ దూరం. 1కి కుడిపక్కనైనా ఉండొచ్చు, −3కి ఎడమపక్కనైనా ఉండొచ్చు, చాలదు. అసలు జవాబు ఎ. చాలేదాన్ని చాలదనీ, చాలనిదాన్ని చాలుననీ ఒకే దెబ్బకు అనిపించే చిట్కా ఇది తప్ప మరొకటి నా దగ్గర లేదు.

9. కూడినట్టే తీసేయండి

ఎక్స్ > వై అవునా?
(1) ఎక్స్ > 10
(2) వై > 4

పైదాంట్లోంచి కిందది తీసేస్తే ఎక్స్ − వై > 6. ఎక్స్ పెద్దది, ఇంకేం, సి పెట్టండి. వై 4 కంటే పెద్దదన్నారు, ఎంత పెద్దదో చెప్పలేదు. ఎక్స్ 11, వై 500 కూడా కావచ్చు. కాబట్టి రైటు జవాబు ఇ. గుర్తులు ఒకే దిక్కున ఉంటే కూడొచ్చు, తీసేయరాదు.

కూడటం ఎంత పనికొస్తుందో కూడా తెలుసుకుని దాన్ని మానేయండి. (1) ఎక్స్ + పి > వై + క్యూ, (2) క్యూ > పి అని ఇస్తే, రెండూ కూడి ఇరువైపులా ఉన్న పి, క్యూలను తీసేస్తే ఎక్స్ > వై మిగులుతుంది. నాలుగు అక్షరాలు కనబడగానే ‘ఇన్ని చరరాశులకు ఇంత సమాచారం చాలదు’ అని ఇ పెట్టడం మన సంప్రదాయం.

10. అనుమానం వస్తే సి

రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చింది రెండూ వాడమనే కదా. ఒక్కటి వాడి ఊరుకుంటే రెండోదాన్ని అవమానించినట్టు.

ఎక్స్ > వై అవునా?
(1) ఎక్స్ = వై² + 1
(2) వై > 0

వర్గం ఉంది కాబట్టి వై ధనమో రుణమో తెలియాలి, రెండోది అదే చెబుతోంది, రెండూ కలిస్తే చక్కగా సరిపోయింది, సి. ఇంత అందంగా సరిపోయిందంటే ఉచ్చు పన్నారని అర్థం అంటారు అనుభవజ్ఞులు. వై రుణమైనా సున్నా అయినా ఎక్స్ కనీసం 1 ఉంటుంది, కాబట్టి పెద్దదే. వై భిన్నమైతే, ½ వేసి చూడండి, ఎక్స్ 1.25. వై² − వై + 1 అనేది (వై − ½)² + ¾ కాబట్టి ఎప్పటికీ ధనమే. మొదటి స్టేట్‌మెంటు ఒక్కటే చాలు, రెండోది అలంకారం.

మాటల లెక్కల్లోనూ ఈ ఉచ్చు ఉంటుంది. ‘ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు, దోసె 70 రూపాయలు. కొన్ని ఇడ్లీ ప్లేట్లు, కొన్ని దోసెలు తిన్నారు, ఇంకేమీ తినలేదు. ఇడ్లీ ప్లేట్లకంటే దోసెలు ఎక్కువా? (1) బిల్లు 290 రూపాయలు, (2) మొత్తం ప్లేట్లు 5.’ రెండు తెలియనివి, కాబట్టి రెండు సమీకరణాలు కావాలి, సి. ఈ మాట ఎనిమిదో తరగతి నుంచీ వింటున్నదే. కానీ అర ప్లేటు దోసె ఎవరూ తెమ్మనరు. ప్లేట్లు పూర్ణాంకాలే కావాలి కాబట్టి 290కి ఒకే ఒక దారి ఉంది: రెండు ఇడ్లీ, మూడు దోసెలు. మొదటిదే చాలు. రెండోది ఒక్కటే చూస్తే ఎన్ని రకాలుగానైనా తినొచ్చు.

11. ఐసెట్ ఆప్షన్లతో జీమ్యాట్ రాయండి

ఐసెట్‌లో నాలుగే ఆప్షన్లు. మొదటి మూడూ జీమ్యాట్ ఎ, బి, సిల వరసలోనే ఉంటాయి. నాలుగోది మాత్రం ‘రెండూ కలిపినా చాలదు’. జీమ్యాట్‌లో నాలుగో చోట ఉన్న డి అర్థం ‘దేనికదే చాలు’. ఐసెట్‌కు తయారై ఆ ఊపులోనే జీమ్యాట్‌కు వెళ్ళేవాళ్ళకు ఇది వరం. లెక్కంతా సరిగ్గా చేసి, చాలదని సరిగ్గానే తేల్చి, అలవాటు ప్రకారం నాలుగోది నొక్కొచ్చు. విభాగం చివర మూడు జవాబుల దాకా మార్చుకునే వీలు జీమ్యాట్ ఇస్తుంది. మిగతా చిట్కాలన్నీ పాటించి ఉంటే ఆ మూడు ఏ మూలకూ రావు.

చివరి మాట

ఇన్ని చిట్కాలు పాటించినా ఒకటీ అరా రైటయ్యే ప్రమాదం ఉంది. ఐదు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని పెట్టినా సగటున ఐదింట ఒకటి తగులుతుంది. దానికి నేను పూచీ కాదు.

ఇంత చెప్పినా వినకుండా రైటే పెడతామని పట్టుబట్టే మొండివాళ్ళు ఎలాగూ ఉంటారు. వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. స్టేట్‌మెంట్లు చదవకముందే ప్రశ్నను మీ మాటల్లో సులువు చేసి రాసుకోండి. ఒక స్టేట్‌మెంటు చూసేటప్పుడు రెండోదాన్ని చేత్తో మూయండి. ప్రతి స్టేట్‌మెంటూ చాలదనే మొదలుపెట్టి, ‘అవును’ ఇచ్చే సంఖ్య ఒకటి, ‘కాదు’ ఇచ్చే సంఖ్య ఒకటి వెతకండి. రెండూ దొరికితే చాలదు. రెండోది ఎంత వెతికినా దొరక్కపోతే, ఎందుకు దొరకదో ఒక్క వాక్యంలో చెప్పగలిగాకే ‘చాలు’ అని పెట్టండి. చెప్పలేకపోతే రుణ సంఖ్యలు, భిన్నాలు, సున్నా ఇంకా మిగిలి ఉన్నాయని అర్థం, వాటిని కూడా వేసి చూడండి.